టైరు జాడ

అన్నయ్యకి,

చెల్లి నమస్కారాలు. ఇక్కడ నేనూ నాన్నా క్షేమం, ఆయన మోకాళ్లు తప్ప. నువ్వూ వదినా పిల్లలూ బాగున్నారని తలుస్తాను. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని అనుకోకు. ఈ ఇంట్లో ఎవరు ఫోన్ మాట్లాడినా నాన్న పక్కగదిలోంచి వింటాడు. ఆయన చెవుడంతా మనం పని చెప్పినప్పుడే.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. టికెట్లు తీసుకున్నాను, పగటి బండికే. యుద్ధం జరిగిన కొండలకి దగ్గరి స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి కారు. మొదటి రోజు బంకర్లు, పాత వంతెన. మర్నాడు కనుమ దారి, స్మారక స్తంభం. సాయంత్రం తిరుగు బండి. నాన్న కారులో ముందు సీటే కావాలన్నాడు. మిలిటరీ లారీ దిగి ఇన్నేళ్లయినా, ఎవరి బండి ఎక్కినా లేని బ్రేకు తొక్కుతూనే ఉంటాడు. మొన్న టాక్సీ అతను విసుగొచ్చి, "పెద్దాయనా, ఇటొచ్చి మీరే నడపండి" అన్నాడు. నాన్న నిజంగానే తలుపు తియ్యబోయాడు.

"ఈ వయసులో ఆ చోటు దేనికి, టీవీలో చూపించు" అని రాశావు. నేనూ అదే అన్నాను. స్తంభం వేరే చోట కట్టారనీ, తన క్లీనర్ పోయింది వాగు దగ్గరనీ, తనకి చూడాల్సింది వాగేననీ నాన్న చెప్పాడు. ఆ కథ నీకు తెలుసు. ముందు లారీ టైరు జాడలోనే వెనక లారీ పోవాలి, జాడ బయట మందుపాతరలు ఉండొచ్చు. రేడియేటర్ మరిగింది. క్లీనర్ డబ్బా పట్టుకుని, జాడ దాటి నీళ్లకి దిగాడు. చిన్నప్పుడు బురదలో నాన్న మనల్ని తన అడుగుల్లోనే నడిపిస్తుంటే ఆటనుకునేవాళ్లం.

ఇప్పటికీ అక్కడ రోడ్డు, స్తంభం చుట్టూ ఉన్న మైదానం వరకే మందుపాతరలు తీశారు. మిగతా చోట హద్దుకి ఎర్రరంగు పూసిన రాళ్లు పాతారు. స్తంభం దగ్గర కాపలా మనిషి ఉంటాడు. వాగు మలుపులో ఎవరూ ఉండరు.

ఇదంతా నాకెలా తెలుసో నీకు చెప్పలేదు. కిందటి ఆదివారం నేను వెళ్లింది పత్రిక పని మీద కాదు. ఒక్కదాన్నే కనుమకి వెళ్లాను. రోడ్డు మీంచి వాగు కనిపిస్తే, కారులోంచే నాన్నకి చూపించి తెచ్చేద్దామని నా ఆలోచన. గడ్డి అడ్డమొచ్చింది. కాస్త పక్కకి జరిగాను. ఇంకాస్త జరిగాను. కళ్లు వాగు మీదున్నాయి, కాళ్ల సంగతి మరిచిపోయాను. వెనక నుంచి కారు డ్రైవర్ గొంతు పెంచకుండా అన్నాడు.

"మేడమ్, రాయి మీ వెనక ఉంది. కదలకండి."

ప్రమాదాల్లోంచి బయటపడ్డవాళ్లని, అప్పుడెలా అనిపించిందని ఎంతోమందిని అడిగి రాశాను. ఇక ఎవరినీ అడగను. ఎడమకాలు దానంతటదే వణుకుతోంది. ఆ వణుకుకే ఏదైనా పేలుతుందేమోనని తొడని చేత్తో నొక్కి పట్టుకున్నాను. నేల తడిగా ఉండబట్టి నా అడుగులు కనిపించాయి. వాటిలోనే ఒక్కొక్కటిగా వెనక్కి వచ్చాను.

వాగు మాత్రం కనిపించలేదు. కిందికి దిగితే తప్ప కనిపించదు.

ఇంటికొచ్చి బూట్లు గుమ్మం బయట విడిచాను. తెల్లారాక చూస్తే నాన్న వాటిని ఒళ్లో పెట్టుకుని పుల్లతో మట్టి గీకుతున్నాడు.

"ఇది రోడ్డు మట్టి కాదు," అన్నాడు తలెత్తకుండా.

జరిగింది చెప్పేశాను. తిడతాడనుకున్నాను. భయపడి ప్రయాణం మానేద్దాం అంటాడేమోనని ఆశపడ్డాను కూడా. రెండో బూటు కూడా శుభ్రం చేసి, రెండిటినీ నా ముందు జతగా పెట్టాడు.

"నీకు దారి తెలీదు తల్లీ. నాకు తెలుసు. ఈసారి నేను ముందు నడుస్తా, నా అడుగుల్లో అడుగెయ్యి."

అన్నయ్యా, నిన్న ఆయన మన వీధి చివరి మందుల షాపుకి వెళ్లి, తిరిగి రావడానికి దారి తెలియక అక్కడే నిలబడిపోయాడు. షాపతను తీసుకొచ్చి దింపాడు. ఈ మాట ఆయన ముందు ఎత్తకు.

టికెట్లు రద్దు చేద్దామనే అనుకున్నాను. కానీ పెట్టె అప్పుడే సర్దేసుకున్నాడు. తాను ఒక్కడైనా పోతానంటున్నాడు. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు పెట్టె తెరిచి చూశాను. బట్టల కింద ఖాళీ నీళ్ల డబ్బా ఉంది.

అందుకే నీకూ టికెట్ తీశాను, ఈ ఉత్తరంతోనే పెడుతున్నాను, తేదీ దాని మీదుంది. మీ ఊరి జంక్షన్‌లో బండి ఆగుతుంది, అక్కడ ఎక్కు. ఆ రాళ్ల దగ్గర ఆయన చెయ్యి ఒకటి నేను పట్టుకుంటాను. రెండో చేతిలో ఆ డబ్బా ఉండకూడదు, నువ్వుండాలి.

జవాబు రాయకు, నాన్న చదువుతాడు. ప్లాట్‌ఫారం మీద కనపడు చాలు.

ఇట్లు,
నీ చెల్లెలు