ఈరమ్మ గొంతు

ఆదోని, మంగళవారం

మూడు నెలలు పోట్లాడి పేరు దక్కించుకున్నాను. మా చిన్న కంపెనీ బెంగళూరు కంపెనీలో కలిసిపోయినా, యార్డులో రైతులను వంతు ప్రకారం పిలిచే మా సాఫ్ట్‌వేర్ పేరు 'పత్తిబండి'గానే ఉండాలని ఒప్పందంలో రాయించాను. గుర్తు, రంగు కూడా మారకూడదన్నాను. గొంతు గురించి మాత్రం ఒక్క ముక్క రాయించలేదు. నా బుద్ధికి ఏమైందో!

ఈ పొద్దున కొత్త వెర్షన్ వచ్చింది. మార్కెట్ యార్డు మైకులో ఎవరో టీవీ యాంకర్ లాంటి అమ్మాయి, "లాటు నంబరు నలభై రెండు, దయచేసి కాటా వద్దకు రాగలరు" అంది. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన తిమ్మప్ప తన పత్తి మూటల మీద కూర్చొని కదల్లేదు. మూడుసార్లు పిలిచాక అతని వంతు వెనకవాళ్లకు పోయింది. నేను పరుగెత్తి వెళ్లి అడిగాను.

"ఈరమ్మ పిలుస్తాదని సూస్తాండానప్పా" అన్నాడు.

పత్తిబండి అన్న పేరే ఆయన వినలేదట. ఆరేళ్లుగా యార్డులో అందరికీ అది ఈరమ్మే. పాత వెర్షన్‌లో వినిపించేవి యార్డు ఊడ్చే ఈరమ్మ చేత నా ఫోన్‌లో చెప్పించిన మాటలే. "బిర్రన కాటా కాడికి రాండప్పా" అనేది...

సాయంత్రం ఈరమ్మ చీపురుతోనే నా దగ్గరికి వచ్చింది. "నా గొంతు బాగలేదన్నారా అన్నా? ఇంగోసారి సెప్తాలే, ఈసారి బాగా సెప్తా."

సాఫ్ట్‌వేర్‌తో పాటు ఆ రికార్డింగులు కూడా బెంగళూరు వాళ్లకే రాసిచ్చేశాను. ఆమెను అడగనైనా లేదు. కొత్తగా చెప్పించినా, ఇక ఆ గొంతును అందులో పెట్టే హక్కు నాకు లేదు. అది చెప్పలేక, రేపు రికార్డు చేద్దామని అబద్ధమాడి పంపేశాను.

పొద్దున్నే గొంతు సవరించుకుని వస్తుంది.