పోపుల డబ్బాలో గొట్టం మాత్రలు

గజపతినగరం, ఆగస్టు 1968, మంగళవారం

బీయస్సీ చదివి నాకు పొగరెక్కిందట. అన్నయ్య కూతురికి ఇవాళ మందు పెట్టనివ్వలేదని అమ్మకి కోపం. నేను వద్దన్నది అమ్మ పోపుల డబ్బాలో దాచిన టెట్రాసైక్లిన్ గొట్టాలని. పాపకి కడుపు పాడైనప్పుడల్లా ఒకటి విప్పి, సగం పొడి తేనెలో నాకించి, తగ్గగానే మిగతాది దాచేస్తుంది.

"కప్పల్ని కోసినోల్లంతా డాట్రులైపోతారేటే? నిరుడు దీంతోనే తగ్గనేదా?" అంది.

నిరుడు తగ్గింది. ఈసారి నిన్న పెట్టినదానికి విరేచనాలు ఆగలేదు. పాప పేగుల్లో ఎప్పుడూ ఉండే మంచి క్రిములే ఆ సగం మోతాదులకి చావకుండా, మందుకి లొంగకుండా మొండికెక్కి, ఆ విద్యను రోగం క్రిములకీ నేర్పేశాయేమో. అలాంటి మొండి క్రిములు మా అందరి కడుపుల్లోనూ చేరాయేమో...

పాప కళ్ళు లోతుకుపోయాయి, ఏడవడం కూడా మానేసింది. అమ్మ ఏమన్నా సరే, తెల్లవారి మొదటి బస్సుకి పాపని విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్తాను.