అమ్మమ్మ చదివిన రెండు వాక్యాలు

మార్చి 2, ఆదివారం

ప్రియమైన తాతయ్యకి,

ఇవాళ పొద్దున్నే మొదటి ఆశ్చర్యం: ఒకే సైకిలుకి రెండు సీట్లు, రెండు జతల పెడళ్లు! ముందు సీట్లో నన్ను కూర్చోబెట్టి, వెనక ఒక టైపిస్టు ఆంటీ ఎక్కారు. ఆవిడకి పుట్టుకతోనే చూపు లేదు.

మా కాలేజీ లైబ్రరీ వెనక గదిలో ప్రతి ఆదివారం చూపు లేనివాళ్లు, తగ్గినవాళ్లు ఇరవై మంది దాకా కలుస్తారు. సాయానికి మనుషులు కావాలన్న నోటీసు చూసి వెళ్లాను. వెళ్లాక నాకేమీ తెలియదని తెలిసింది. అక్కడ మాట్లాడేముందు ఎవరి పేరు వాళ్లు చెప్పుకోవాలి. లేచి వెళ్లేటప్పుడు ‘వెళ్తున్నా’ అనాలి. నేను చెప్పకుండా మంచినీళ్లకి లేచాను. చదరంగం ఆడే పెద్దాయన నా ఖాళీ కుర్చీకి తన ఉద్యోగం కథ సగం చెప్పేశారు. తిరిగొచ్చి క్షమించమంటే, “పరవాలేదమ్మా, నీకంటే కుర్చీయే శ్రద్ధగా వింది” అన్నారు.

సైకిలు మీద ముందు కూర్చున్నవాళ్లు దారంతా నోటితో చెబుతూ పోవాలి. “రోడ్డు బాగాలేదు” అన్నాను. “బాగాలేకపోవడమంటే? గతుకా, గుంటా, కంకరా?” అని అడిగారు ఆంటీ. ఇన్నాళ్లూ ఈ మూడు మాటలూ నాకు ఒకటే! ఒకచోట చెప్పకుండా బ్రేకు వేశాను. “అమ్మాయ్, బ్రేకు నీది, ముక్కు నాది!” అని వెనక నుంచి కేక.

తాతయ్యా, ముప్ఫై ఏళ్లు బస్సు నడిపినవాడివి, నా గోలకి హారన్ అని ముద్దుపేరు పెట్టినవాడివి, చూపు పోయిన ఈ రెండేళ్లలో వీధి గేటు దాటలేదు. వచ్చే ఆదివారం వస్తావా? వెనక సీటు నీకు ఇప్పిస్తాను. ఫోనులో అడిగితే టక్కున కాదంటావు. ఉత్తరమైతే అమ్మమ్మ చేత రెండోసారి చదివించుకుంటావని రాసి, మన ఊరి బస్సు డ్రైవరు బాబాయ్ చేతికి ఇస్తున్నాను.

పరీక్షలు బాగా రాశాను. దగ్గు తగ్గింది.

నీ హారన్

మార్చి 6, గురువారం

అమ్మమ్మా,

ఇది నీకొక్కదానికే. తాతయ్య చెప్పగా నువ్వు రాసిన జవాబు అందింది. ‘పరీక్షలు బాగా రాశావట, దగ్గు తగ్గిందట, సంతోషం.’ అంత ఉత్తరంలో చివరి రెండు వాక్యాలకే జవాబు! కొత్త మిక్సీ కొంటే మోటారు విప్పి తడిమేదాకా కుదురుగా కూర్చోని మనిషి, రెండు సీట్ల సైకిలుకి గొలుసులెన్నని కూడా అడగలేదంటే నేను నమ్మను. మిగతాది నువ్వు చదవలేదు కదూ?

కోపంగానే మొదలుపెట్టాను. రాస్తూంటే నేనూ తక్కువ తినలేదని గుర్తొచ్చింది. సెలవులకి వచ్చినప్పుడల్లా ఆయన లేవబోతే చాలు, “నువ్వు కూర్చో తాతయ్యా” అన్నది నేనే. ఆ మాట మర్యాదనుకున్నాను. ఇప్పుడు చూస్తే అది గొళ్లెం పెట్టడం లాంటిదే.

ఎందుకు చదవలేదో చెప్పు. దెప్పడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలని ఉంది.

నీ హారన్

మార్చి 8, శనివారం

బంగారూ,

నిజమే, చదవలేదు. సైకిలన్న మాట కనబడగానే మిగతాదంతా వదిలేసి చివరి రెండు వాక్యాలే పైకి చదివాను. ఆయన పడతారన్న భయం ఉంది. కానీ అది సగమే. ముప్ఫై ఏళ్లు ఆయనకి పైఊళ్ల డ్యూటీలతోనే సరిపోయింది. మీ అమ్మ పుట్టినప్పుడు కూడా ఎక్కడో స్టీరింగు ముందే ఉన్నారు. చూపు పోయాక మనిషి నాకు మిగిలారు. అలా అనుకోవడం తప్పని తెలుసు. అయినా అనుకున్నాను. మళ్లీ ఏదో బండి వచ్చి తీసుకుపోతుందంటే ఓర్చుకోలేకపోయాను.

నిన్న మధ్యాహ్నం రెండు ఉత్తరాలూ అక్షరం వదలకుండా చదివి వినిపించాను. ఎందుకు దాచానో కూడా చెప్పాను. తిడతారనుకున్నాను.

“ముందు సీట్లో ఎవరట?” అన్నారు.

“ఎవరో కాలేజీ పిల్లలు.”

“ముక్కూ మొహం తెలియని డ్రైవరు వెనక నేను కూర్చోను.”

“అయితే మానెయ్యండి.”

“మానేస్తానన్నానా? నువ్వు నడుపు. పెళ్లికి ముందు మందుల షాపుకి రోజూ సైకిలు మీదేగా పోయేదానివి! వెనక బస్సు హారన్ మోగిస్తున్నా పక్కకి తప్పుకునేదానివి కాదు.”

ఆ బస్సు ఆయనదని నాకు ఇన్నేళ్లూ తెలియదే! అడిగితే, “చెబితే నెత్తికెక్కుతావని చెప్పలేదు” అన్నారు. ఈ వయసులో నాకు సిగ్గేసింది.

ఈ ఉత్తరం ఇవాళ సాయంత్రం బస్సులోనే డ్రైవరు చేతికి ఇస్తున్నాను. రేపు ఉదయం ఐదున్నర బస్సుకి బయల్దేరుతున్నాం. ఏడింటికి స్టాండులో ఉండు. ముందు నేనొక్కదాన్నే, జనం లేనిచోట నాలుగు చుట్లు తొక్కి చూస్తాను. అంతసేపూ ఆయన్ని ఆ గదిలో కూర్చోబెట్టి మాటల్లో పెట్టు, బయటికి రానివ్వకు. పడితే నేనొక్కదాన్నే పడతాను. పడకపోతే నేనే వచ్చి పిలుచుకుపోతాను.

అమ్మమ్మ