మూడో పెడల్ విషయమై

అయ్యలారా, అమ్మలారా,

మీరు ఏ శాఖవారో నాకు తెలియదు. అయినా ఒక వాహనం విషయంలో జరిగిన అన్యాయాన్ని ఈ డైరీ ద్వారా తమ దృష్టికి తెస్తున్నాను. అన్యాయం చేసినది నేనేనన్న వాదన ఇంట్లో ఒకటి ఉన్నది. అది పరిశీలనలో ఉన్నది.

జూన్ 3

నారాయణగూడ చౌరస్తాలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ విధులు విరమించింది. నడుపుతున్నది నా భార్య మాధురి. పక్కన నేను, ఫైలు పట్టుకొని.

చిక్కడపల్లి మెకానిక్ రాములు కొత్తది వేస్తే కారు ధరను మించుతుందన్నాడు. క్లచ్ తొక్కి గేర్లు మార్చే మాన్యువల్ వేయవచ్చునట. సెల్లార్ ర్యాంపుకు కారు అడుగు తగలకుండా మార్చిలో నేను ఆన్‌లైన్‌లో తెప్పించి వేయించిన ఎత్తు స్ప్రింగులే షాకబ్జర్లను చంపాయని కూడా సెలవిచ్చాడు. ప్రతి స్పీడ్‌బ్రేకరూ నా వెన్నెముకకు నేరుగా నివేదిక పంపుతున్న మాట వాస్తవమే.

మాధురి కరీంనగర్‌లో ట్రైనింగ్‌కు వెళ్తూ, తాను వచ్చేదాకా దేన్నీ ముట్టుకోవద్దని చెప్పింది.

జూన్ 5

సంప్రదింపులు పూర్తి. అపార్ట్‌మెంట్ అధ్యక్షులు దక్షిణామూర్తి గారు, రాములు, ఎదుటి హాస్టల్‌లో గ్రూప్స్‌కు చదివే ముగ్గురు. ఆ ముగ్గురూ నా ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు అడిగి, బి పెట్టారు. మాన్యువల్‌కు ఏకగ్రీవ ఆమోదం.

నాకు డ్రైవింగ్ రాదు. కనుక నిర్ణయం నిష్పాక్షికం.

జూన్ 14

కారు వచ్చింది. డ్యాష్‌బోర్డు మీద ఎప్పుడూ P అనే ఉంటోంది. నలభై స్పీడులోనూ పార్కింగే. కారులోని పాత కంప్యూటర్‌ను అలా నమ్మిస్తే తప్ప ఇంజన్ స్టార్ట్ కాదట. "దానికి తెల్వదు సార్, గేర్‌బాక్స్ మారిందని. గట్లనే ఉండనియ్యిన్రి," అన్నాడు రాములు.

ప్రభుత్వ రికార్డులతో పరిచయం ఉన్నవాడిని. ఆశ్చర్యపోలేదు.

జూన్ 15

మాధురి వచ్చింది. సర్‌ప్రైజ్ ఏర్పాటు చేశాను. దక్షిణామూర్తి గారి భార్య అనసూయమ్మ గారు పసుపు, కుంకుమ పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు ఉంచారు.

మాధురి సీట్లో కూర్చుంది. కిందికి చూసింది.

"నలభై ఆరేండ్లకు ధైర్యం చేసి రెండు పెడళ్ళ మీద నేర్చుకున్న. ఈ మూడోది ఎవర్ని అడిగి పెట్టించిన్రు?"

సంప్రదించినవారి జాబితా చదివి వినిపించాను. చదువుతుండగానే అందులో ఎవరి పేరు లేదో నాకు అర్థమైంది.

తాళంచెవి నా చేతిలో పెట్టి మెట్లెక్కింది. నిమ్మకాయలు నలగలేదు.

జూన్ 16

కుటుంబ సభ్యులు: ఇద్దరు. కారు నడపగలవారు: సున్నా.

జూన్ 24

హైదర్‌గూడ ల్యాబ్‌లో ఆమె డ్యూటీ ఎనిమిదింటికి. వారం నుంచి ఆరింటికే ఆటోలో వెళ్తోంది. కారణం అడిగాను. ట్రాఫిక్ అంది. మూడేళ్ళు తనంతట తాను వెళ్ళిన మనిషి ఆటోవాళ్ళతో బేరమాడుతుంటే బాల్కనీలో నిలబడి వినడం నా నేటి విధి.

కనీసం స్ప్రింగుల తప్పు దిద్దుదామనుకున్నాను. పాతవి ఇనుపసామానుకు వేశాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. మాధురి అటక మీద దాచిందట. రాములు సెల్లార్‌లోనే వాటిని తిరిగి బిగించి, షాకబ్జర్లు మార్చాడు. జాకీ దింపేముందు నిమ్మకాయలను యథాస్థానంలో పెట్టాడు. వాటిని పారేసే ధైర్యం అతనికీ లేదు.

కారు ముక్కు కిందికి దిగింది. నాది కూడా.

జూలై 7, ఉదయం 6:20

సెల్లార్‌లో కారు లేదు. నేల మీద ఎండిన నిమ్మకాయలు నాలుగూ నలిగి ఉన్నాయి.

వాచ్‌మన్ భార్య మాసమ్మను విచారించాను.

"అమ్మనే తీస్కపోయింది సార్. రెండుసార్లు ఆగిపోయింది, మూడోసారి ర్యాంపు ఎక్కిచ్చింది. ఇరవై దినాల సంది పొద్దుగాల నారాయణగూడ డ్రైవింగ్ స్కూల్ల నేర్చుకుంటున్నది గద. మీకు చెప్పలే?"

చెప్పలేదు. ఆమె సంప్రదింపుల జాబితాలో నేను లేను.

అదే రోజు, 6:35

డిమాండు నం. 1: రికార్డు ప్రకారం సదరు వాహనం ఇంకా పార్కింగులోనే ఉన్నది గనుక, అందులో ఎడమవైపు సీటును నాకు తిరిగి ఇప్పించవలెను.