తాతయ్య సమాధి మీది ఆకులు

రౌనా, లాత్వియా
సెప్టెంబరు 21

ప్రియమైన అమ్మమ్మకు,

మాదార నమస్కారాలు. అమ్మా, నేనూ, నీ పిల్లీ ఇక్కడ కులాసా. వెంట్స్‌పిల్స్‌లో పిన్ని నీచేత రోజూ నడిపిస్తోందని చదివి సంతోషించాను. తుంటి ఎముక అతికేదాకా మెట్ల జోలికి వెళ్ళకు.

ఊరగాయ దోసకాయల్లో సోపు కాడలు వేశారా అని అడిగావు. వేశాం. చదువు ఎలా ఉందన్నావు. బాగుంది. మా టీచరమ్మ రోజుకొక కొత్త మాట రాసుకోమంది, నేను మూడు రాసుకుంటున్నాను. నిన్నటిది 'జాప్యం'. ఇంతవరకూ ఈ ఉత్తరంలో నేను చేసింది అదే.

నువ్వు అడిగిన అసలు ప్రశ్న వేరు. "తాతయ్య సమాధి మీది పియోనీ పూలమొక్క ఆకులు ఎర్రబడ్డాయా? మంచు తగిలి వాడిపోయాకే కోయి" అని రాశావు. ఆగస్టులో నేను "ఆకులు బాగున్నాయి" అని రాశాను. అది అబద్ధం అమ్మమ్మా. అప్పటికే అక్కడ ఒక్క ఆకూ లేదు.

జూలైలో సమాధుల పండుగ ముందురోజు సమాధి చుట్టూ ఉన్న ఇసుకను పళ్ళకర్రతో దువ్వడానికి వెళ్ళాను. పూలు ఎప్పుడో రాలిపోయాయి. ఆకులు రాయి మీదికి వాలి, మచ్చలు పడి ఉన్నాయి. పక్క సమాధి దగ్గర జెల్మమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏమే, మీ తాత మీద అడవి పెంచుతున్నావా? రేపు పాస్టరుగారు గొడ్డలి పట్టుకుని రావాలేమో! మీ అమ్మమ్మ ఉంటే ఇలా ఉండేదా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. కత్తెర తీసి మొత్తం నేలమట్టంగా కోసేశాను. ఇసుకలో తిన్నగా గీతలు దువ్వాను. మర్నాడు శ్మశానంలో ప్రార్థన పాటలయ్యాక అందరూ "అచ్చం అమ్మమ్మ పనితనమే" అన్నారు. ఆ మాట రెండు వారాలు మోసుకు తిరిగాను.

తర్వాత శ్మశానం కాపలా చూసే తెయోదోర్స్ తాత మోడుల్ని చూసి టోపీ తీశాడు.

"ఎవరే ఈ ఘనకార్యం చేసింది?"

"నేనే. నీటుగా లేదా?"

"బోడిగుండు కూడా నీటుగానే ఉంటుంది! ఆకులే కదే దీనికి వంట వండేది. వచ్చే ఏటి మొగ్గకి తిండి ఇప్పుడే దాచుకుంటుంది. నట్టెండాకాలంలో పొయ్యి ఆర్పేశావు కదే తల్లీ!"

ఆ మొక్కను తాతయ్య మీ పెళ్ళేడు వాళ్ళమ్మ పెరట్లోంచి తవ్వి తెచ్చాడనీ, ఆయన పోయాక నువ్వే దాన్ని సమాధి మీదికి మార్చావనీ నాకు తెలుసు. జూన్‌లో ఆయన పుట్టినరోజుకి ఆ పూలు చూడాలనే నువ్వు కర్ర పట్టుకుని నడక నేర్చుకుంటున్నావనీ తెలుసు. అందుకే చెప్పలేకపోయాను.

నిన్న వేళ్ళతో మట్టి తప్పించి చూశాను. గులాబీరంగు మొలకలు మూడు ఉన్నాయి, చాలా చిన్నవి. తెయోదోర్స్ తాత మాట ప్రకారం వేరు బతికే ఉందట, కానీ ఒక ఏడో రెండేళ్ళో పూయకపోవచ్చునట. జెల్మమ్మకి చెబితే ఆవిడ మొహం పాలిపోయింది. "జూన్‌లో మా పెరటి పూలు కోసి అక్కడ గుచ్చుదాం, మీ అమ్మమ్మకి ఏం తెలుస్తుంది" అంది. ఒక్క క్షణం ఊరట కలిగిందని ఒప్పుకుంటున్నాను. తర్వాత వద్దన్నాను.

జూన్‌లో నువ్వు వచ్చేసరికి అక్కడ ఉత్త ఆకులే ఉండొచ్చు. నేను పక్కనే నిలబడతాను. తిట్టాలనుంటే ఇంటికి వచ్చేదాకా ఆగకు, అక్కడే తిట్టు. తాతయ్య కూడా వినాలి.

ఇట్లు,
నీకు నిజం చెప్పడానికి రెండు నెలలు పట్టిన మనవరాలు,
మాదార