నొప్పి లేని పెచ్చు

మహారాజశ్రీ జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారి సముఖమునకు, ఏలూరు.

పెంటపాడు మండలం కొత్తగరువు కాపురస్తుడు, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో జట్టు కూలీ అయిన ఏసోబు వ్రాసుకొను అర్జీ. మే నెల, 2007.

విషయం: నా తోడల్లుడు క్రీస్తుదాసుకు ఆంత్రాక్స్ అను జబ్బు ఉన్నదని ఆసుపత్రిలో మంచమిచ్చి మేపుచుండుట గురించి, అది జబ్బు కాదని తేల్చి అతనిని ఇంటికి పంపవలసినదిగా కోరుట గురించి.

అయ్యా,

1. నేను రూతమ్మగారి పెద్దల్లుడిని. క్రీస్తుదాసు చిన్నల్లుడు. మా రెండిండ్లకు నడుమ ఒక్క తడిక మాత్రమే కలదు. ఈ వేసవిలో కొల్లేరు వైపు నుండి గొర్రెల మంద ఒకటి వచ్చి, మా ఊరి దాళ్వా వరి కోసిన చేలలో దిగినది. అందులో ఒక పొట్టేలు పొద్దున మేసి మధ్యాహ్నానికి పడిపోయినది. పూడ్చిపెట్టవలసిన దానిని మంద యజమాని చవకగా మా పేటకు ఇచ్చివేసినాడు. మా పేట ఆనవాయితీ ఏమనగా, తోలు ఒలిచినవానికి తలకాయ, కాళ్లు దక్కును. మా మామగారు పోయిన నాటి నుండి ఒలుచు హక్కు నాది. ఆ రోజు నేను మార్కెట్టులో బస్తాలు మోయుచుండగా, క్రీస్తుదాసు నా పెరటిలో, నా కత్తితో, నా పొట్టేలును ఒలిచివేసినాడు. నా భార్య రూబీ కాళ్లు పట్టుకొన్నదట. పొట్టేలు కాళ్లేనని మనవి. "రక్తం గడ్డ కట్టడం లేదేంటి మరిదిగారూ, నల్లగా కారిపోతోంది" అని ఆమె అంటే, "ఎండలకి వేడి చేసుంటుందిలే వదినా" అన్నాడట. ఇద్దరూ నవ్వుకొన్నారని ఇరుగుపొరుగు వారు చెప్పినారు.

2. ఆ కూర నేను తినలేదు. అసూయ చేత కాదు, ఆకలి లేక.

3. కొన్నాళ్లకు అతని ముంజేతి మీద దోమ కుట్టినట్లు పొక్కు లేచి, చితికి, నడుమ బొగ్గు ముక్క అంటించినట్లు నల్లని పెచ్చు కట్టినది. చేయి భుజము దాకా వాచినది. ఏలూరు ఆసుపత్రిలో చూచిన వెంటనే చేర్చుకొన్నారు. అది మొదలు మా ఊరిలో క్రీస్తుదాసు తప్ప వేరు మనిషి లేడు. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు అతని పేరెత్తి సంఘమంతటినీ మోకాళ్ల మీద నిలబెట్టినారు. నిరుడు నేను బస్తా కింద పడి నడుము విరుగగొట్టుకొన్నప్పుడు ఒక్కరూ తల వంచి ఎరుగరు. మా అత్తగారు తన కోడిపెట్టలలో ఒకదానిని అతని కొరకు కోసినది. నాకు గుడ్డు కూడ పెట్టలేదు. తెల్లకోట్ల వారు వచ్చి అతని చేతికి ఫోటోలు తీసినారు. నా పెండ్లిలో సైతము నాకు విడిగా ఫోటో లేదు.

4. నేను స్వయముగా పోయి చూచితిని. "నొప్పి ఎలా ఉంది తమ్ముడూ?" అంటిని. "నొప్పేం లేదన్నయ్యా. మీరేంటి, చిక్కిపోయారు?" అని బత్తాయి ఒలిచి నాకొక తొన ఇచ్చినాడు. నొప్పి లేనిది జబ్బు ఎట్లగును?

5. ఈ మాటే అక్కడి డాక్టరమ్మగారిని అడిగితిని. ఆమె ఓపికగా చెప్పినది: "క్రిమి కన్నా అది వదిలే విషం ప్రమాదమండీ. ఆ విషం మూడు ముక్కలు. ఒకటి మన ఒంట్లో కణాలకి తలుపు తీస్తుంది, అంతే దాని పని. ఆ తలుపులోంచి దూరి రెండోది నీరు పట్టిస్తుంది, ఈ వాపంతా అదే. మూడోది కణాన్ని లోపల్నుంచి పాడుచేసి చంపేస్తుంది. ఈ నలుపంతా చచ్చిన చర్మమండీ. సూదిమందుకి క్రిమి చచ్చినా, ముందే లోపలికెళ్లిన విషం తన పని తను చేసుకుపోతుంది. రక్తంలోకి దిగిందంటే మనిషి దక్కడం కష్టం. నొప్పి లేదు కదా అని ఊరుకున్నవాళ్లే ఆలస్యంగా వస్తారండీ." తలుపు తీయువారు లేనిదే మిగిలిన రెండూ గుమ్మం బయట నిలబడునట. ఈ ముక్క మాత్రము నాకు నచ్చినది. మా ఇంట తలుపు తీసినదెవరో ఈ దిగువ మనవి చేయుచున్నాను.

6. రూబీ రోజూ బస్సెక్కి క్యారేజీ పట్టుకొని ఏలూరు పోవుచున్నది. "చెల్లి పెర్సిస్ చంటిబిడ్డతో ఉంది కదండీ, ఇంకెవరు వెళ్తారు?" అనును. సరే. కాని ఈ రోహిణి ఎండలో, క్రిస్మసుకు కుట్టించుకొన్న పొడుగు చేతుల లేసు జాకెట్టు తొడుగుచున్నది. ఇంటికి వచ్చినా విప్పుట లేదు. అడిగితే "ఎండ చురుక్కుమంటోందండీ" అన్నది. చేయి పట్టుకోబోతే లాగుకొన్నది. అయ్యా, నాకు కడుపు మండిపోవుచున్నది. ఈ వాక్యము అర్జీలో ఉండదగినది కాదు, అయినా కొట్టివేయుటకు మనసొప్పలేదు. "అది జబ్బు కాదు, నాటకం. నొప్పి లేని జబ్బు లోకంలో లేదు" అని రోజూ ఆమె ఎదుట అరచుచునే ఉన్నాను.

కావున తమరు దయతలచి, సదరు క్రీస్తుదాసును తక్షణము ఇంటికి పంపి, నా కాపురము నిలబెట్టవలెనని, ఈ పేదవాని మొర చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయుడు,
ఏసోబు

తా.క.: కవరు అంటించడానికి నాలుగు మెతుకులు తెమ్మన్నానండి. రూబీ పళ్లెం అందిస్తుంటే జాకెట్టు చేతి కుట్టు పటుక్కున విడిపోయింది. లోపల చెయ్యి ఉబ్బిపోయి ఉంది. మణికట్టు పైన నల్ల పెచ్చు. క్రీస్తుదాసుకి ఉన్నలాంటిదే.

"ఎప్పట్నుంచే ఇది?" అన్నాను.

"నొప్పి లేదండీ. నొప్పి లేనిది జబ్బు కాదని మీరే అన్నారు కదా. చూపిస్తే, మరిది దగ్గర అంటించుకొచ్చావా అని గొడవ చేస్తారని ఊరుకున్నాను" అంది.

అయ్యా, పైన రాసినవన్నీ రద్దండి. క్రీస్తుదాసుని పంపొద్దు. అతని పక్కనే ఇంకో మంచం వేయించండి, పక్కనైనా నాకేం బాధ లేదు. వేరే కాగితం లేక దీని కిందే రాస్తున్నాను. ఆటోలో ఉన్నాం, అందుకే అక్షరాలు వంకర.

డాక్టరమ్మగారు అడిగితే నొప్పిగా ఉందని చెప్పవే, తొందరగా చూస్తారు అని దారి పొడుగునా బతిమాలుతున్నానండి. అబద్ధం చెప్పనంటోంది. ఆమెకి నొప్పి లేదండి. లేదు కదా అని మీరు ఊరుకోకండి.