మెట్టచేనోళ్ల ఆకు

మద్రాసు నుంచి.

అన్నకు, నీ చెల్లెలు పద్మ దండం పెట్టి రాసుకునేది. నేను, మా ఆయన ఈడ బాగుండాము. మీరంతా బాగుండారని అనుకుంటాండా. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? ఆళ్లగడ్డ డాక్టరు రాసిన మాత్రలు మధ్యలో ఆపొద్దని చెప్పు. ఫోన్ చేయొచ్చు గదా, ఉత్తరమెందుకు అనుకుంటావేమో. ఫోన్లో అయితే నువ్వు సగంలోనే పెట్టేస్తావప్పా. అందుకే కూర్చుని రాస్తాండా. కోపమొచ్చినా చివరిదాకా చదువు.

బ్యాంకులో పని అలవాటైంది. అరవమే ఇంకా నోరు తిరగడంల్యా. ఎండకంటే ఉక్క ఎక్కువ, పొద్దున్నే చీర తడిసిపోతాది. జొన్నరొట్టె, ఊరిబిండి గుర్తొస్తే ఏడుపొస్తాది. కింది వాటాలో ముసలామె ఒకతే పలకరిస్తాది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు, అయినా మాట్లాడుకుంటానే ఉండాం.

ఇంగ నువ్వు చెప్పిన పని. మెట్టచేను ముత్తాత కాలం నుంచి మన ఇంటిపేరు మీదే ఉండాదని పాత కాగితం తెమ్మంటివి. నీకు శిరీష ఒక్కతే బిడ్డ, ఆమెకిస్తే చేను వేరే ఇంటిపేరుకు పోతాదని, చిన్నాయన మనవణ్ణి దత్తు తీసుకుని వానికే రాస్తానంటివి. దత్తు తీసుకునే పొద్దు పెద్దమనుషుల ముందు ఈ కాగితం చూపాలని నీ కోరిక. శిరీష అదంతా వాకిట్లో నిలబడి వినింది. నువ్వు చూడలే, నేను చూసినా.

నంద్యాల ఆఫీసులో అంత పాతవి లేవన్నారు. మద్రాసు ప్రభుత్వం నాటివి ఈడే ఉండాయంటే, సెలవు పెట్టి పాత రికార్డుల ఆఫీసుకు పోతి. దొడ్డ పుస్తకాలు, పుట తిప్పితే పొడి రాలతాది. మెల్లిగా తిప్పమ్మా అని కసురుకుంటారు. మన ఊరి మొట్టమొదటి పుస్తకంలో మన ఇంటిపేరు ఎంత వెదికినా కనపళ్లే. ఊరు తప్పేమోనని పక్కూళ్లవీ చూస్తి. ఏందబ్బా ఇది, గాల్లోంచి ఊడిపడినామా అనుకుంటి.

అప్పుడు మన నాయనను కన్న జేజి గుర్తొచ్చింది. పెద్దల అమావాస్యనాడు పెద్దలందరికీ వరసగా ఆకులేసినాక, జేజి ఒక ఆకు దూరంగా గడప కాడ వేస్తాండె. ఎవరికి జేజీ అంటే మెట్టచేనోళ్లకు అంటాండె గానీ పేర్లు చెప్పేది కాదు. చేన్లో పనిచేసిన కూలోళ్లకేమో అనుకుంటిమి మనం. జేజి పోయినాక వదిన కూడా ఎందుకో తెలీకుండానే వేస్తాండాది.

ఆళ్లగడ్డ అత్తకు ఫోన్ చేసి అడిగితి. నాయన తోబుట్టువు, ఆమెకు గాక ఎవరికి తెలుస్తాది? బతిమాలితి. ఆఖరికి నోరు విప్పింది.

"మీ ముత్తాత సంజామల దిక్కు నుంచి ఇల్లరికం వచ్చినోడమ్మా. చేను పిల్లనిచ్చిన మామది. మా నాయన ఈ మాట బయట చెప్పనియ్యలే."

ఇల్లరికం వచ్చినోడు మామ ఆస్తి అనుభవిస్తాడు గానీ తన ఇంటిపేరు తనే ఉంచుకుంటాడు. మన వాళ్లలో అంతే గదా. అది తట్టక మన ఇంటిపేరుతో వెదికితి. ఈసారి చేను పేరుతో వెదికితే దొరికింది. మొదటి పుస్తకంలో పట్టా వేరే ఇంటిపేరున్న ముసలాయనది. తర్వాతి దాంట్లో మన ముత్తాత పేరు, పక్కనే అల్లుడని రాసుండాది. జేజి ఆకు వేసిన మెట్టచేనోళ్లు ఆ ముసలాయన వాళ్లే. పక్క వీధి ఇల్లరికపు అల్లుణ్ణి చిన్నప్పుడు ఎంత ఎగతాళి చేసినామో గుర్తొచ్చి ఆడనే ఏడుపొచ్చింది నాకు.

మామ పేరుండాది, అల్లుని పేరుండాది. చేను వాళ్ల నుంచి మనకొచ్చింది మన ముత్తవ్వ వల్లనే. ఆమె పేరు మాత్రం యాడా లేదన్నా. అత్తకూ తెల్దంట.

ఈ మాట దాచిన అత్త నాయనను, మన అబ్బను తప్పుపట్టడానికి రాయడంల్యా. ఇల్లరికపోని కొడుకు అనిపించుకోవడం ఆ కాలంలో ఎంత నామోషీనో తెలుసు. అయినా మనం తిని పెరిగింది ఒక ఆడబిడ్డ చేను అన్నమే గదా. ఆ తల్లిదండ్రులకు కొడుకులు లేరని ఎవరూ కూతుర్ని కాదని చేనును వేరే వాళ్లకు మళ్లించలే.

ముద్ర వేసిన నకలు దీంతోపాటు పంపుతాండా. నువ్వడిగిన కాగితం ఇదే. వచ్చే అమావాస్యకు ఆ ఆకు గడప కాడ వద్దు, జేజి ఆకు పక్కనే వరసలో వేయించు.

ఎవరైనా ఇటు వస్తే వదిన చేతి చింతతొక్కు పంపు. అహోబిలం పోయినప్పుడు నా పేరున ఒక టెంకాయ కొట్టు. అత్తకు, చిన్నాయనకు దండాలు చెప్పు. నా గురించి దిగులొద్దు, బాగుండా. పెద్దోడివి, దీవించు. తప్పు రాసింటే తిట్టు, పడతా.

పెద్దమనుషులకు చూపే ముందు ఈ కాగితం శిరీషతో గట్టిగా చదివించు. ముత్తవ్వ పేరు ఎట్లా పోగొట్టుకుంటిమి. ఈ బిడ్డ పేరన్నా రాయి అన్నా.

ఇట్లు,
నీ తోడబుట్టిన
పద్మ